వాచీలో హీరో ఎవరు? డూపు ఎవరు?

హీరోగారు మూడో అంతస్తు మీంచి దూకుతాడు. మనం ఈల వేస్తాం. దూకింది హీరో కాదనీ, అదే చొక్కా తొడుక్కుని అదే విగ్గు పెట్టుకున్న డూపు అనీ మనకి తెలియదా? భేషుగ్గా తెలుసు! అయినా టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వమని అడగం. పాటలో పెదవులు హీరోవి, గొంతు ఘంటసాలగారిది. రామారావుగారికీ ఆయనే పాడారు, నాగేశ్వరరావుగారికీ ఆయనే పాడారు. 'ఇది ఒరిజినల్ గొంతు కాదు' అని హాల్లో ఎవరైనా లేచి నిలబడి గొడవ చేశారా? చెయ్యలేదే!

మరి చేతి వాచీ దగ్గరికి వచ్చేసరికి ఇంత పేచీ ఎందుకండీ?

పేచీ అని ఎందుకంటున్నానంటే, సికింద్రాబాద్ కార్ఖానా నుంచి డిగ్రీ చదివే ఒక పాఠకుడు నాకు పొడుగాటి ఉత్తరం రాశాడు. (ఉత్తరమంటే ఈ రోజుల్లో ఫోన్లో వచ్చేదే లెండి.) వాళ్ళ తాత కంటోన్మెంటులో మిలిటరీ ఆఫీసు గుమాస్తా. 1974లో బోనసు డబ్బులతో హెచ్ఎంటీ జనతా వాచీ కొనుక్కున్నాడు. పోయేదాకా అది ఆయన చేతికే ఉంది. ఇప్పుడు మనవడి చేతికి వచ్చింది. వచ్చిన నెలలోనే బల్ల మీంచి కింద పడి ఆగిపోయింది. డయలు సంగతి సరేసరి... ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు పాలు ఎక్కువైన టీ రంగు. 6 అంకె దగ్గర ఒక మరక కూడానూ.

ఇక ఇంట్లో మూడు పార్టీలు. నాన్నగారేమో 'ఎలాగూ రిపేరుకి ఇస్తున్నాం, కొత్త డయలు వేయించు, తళతళలాడుతుంది' అంటారు. పాత వాచీలు కొనే ఒకాయన 'డయలు ముట్టుకోకుండా ఇస్తేనే కొంటా, ముట్టుకుంటే నాకొద్దు' అన్నాడు. నాయనమ్మ మాత్రం ఆ మరక మీద చెయ్యి పడితే ఊరుకోనంటుంది. ఎందుకంటే ఆ మరక పడింది కుర్రాడి నాన్న పుట్టిన రాత్రి. తాత జోరువానలో రిక్షా వెనకాల పరిగెత్తిన రాత్రి అది. 'సార్, మీరు సినిమావాళ్ళ వాచీల గురించి రాస్తుంటారు కదా, మా వాచీ గురించి ఒక మాట చెప్పండి' అన్నాడు.

ఒక మాటతో తేలే వ్యవహారమా ఇది? బయల్దేరాను.

జూబ్లీ బస్ స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు వెళ్ళే రోడ్డు మీద వస్తుంది కార్ఖానా. ఉర్దూలో కార్ఖానా అంటే పనులు జరిగే చోటు, వర్క్‌షాపు. పేరు ఎలా ఉన్నా, ఒకటికి రెండు చూసుకుని పనిచేసే పాతకాలపు మెకానిక్కులు ఇంకా ఒకరిద్దరు మిగిలిన పేట. చుట్టూ మిలిటరీ, రిటైరైన మిలిటరీ. టైమంటే టైమే అనే మనుషులు. 1806 నుంచీ కంటోన్మెంటు కదండీ మరి! అలాంటి చోట వాచీ రిపేరు కొట్టంటే ఒకప్పుడు డాక్టరు గారి ఆసుపత్రితో సమానం.

మనం వెళ్ళిన కొట్టు అగ్గిపెట్టెంత. చాచా అని అందరూ పిలిచే ఒక పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని కూచున్నాడు. కుర్రాడు వాచీ ఇచ్చాడు. దాంతోపాటు జేబులోంచి ఇంకో వాచీ కూడా తీశాడు. అదీ జనతాయే, కాకపోతే నెమలి కంఠంలాంటి నీలం డయలు! కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. 'ఫోన్లో చూసి తెప్పించాను సార్, దీని డయలు తీసి తాత వాచీకి వేయిద్దామని' అన్నాడు మెల్లిగా. నాయనమ్మకి తెలియదట!

చాచా ముందు తాత వాచీ వెనక మూత విప్పాడు. ఒక నిమిషం చూశాడు. తర్వాత ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే వినండి.

"చూడు బేటా, గీ కీ కంపెనీది కాదు. సెకండ్ల ముల్లు కూడ కాదు, జర పొట్టిగుంది చూడు, గీతలదాంక పోతలేదు. అద్దం ఎన్నిసార్లు మార్చిన్రో ఆ దేవునికే ఎరుక. మీ తాత ఉన్నప్పుడే మూడు మారినయ్."

కుర్రాడి మొహం చూడాలి! ఇంతకాలం 'ఒరిజినల్, ఒరిజినల్' అని కాలేజీలో చెప్పుకున్న వాచీ. తాతే స్వయంగా మూడు డూపుల్ని పెట్టుకుని తిరిగాడన్నమాట. పాపం, ఆ రోజుల్లో ఆయనకి అది 'వింటేజ్' అని ఎవరు చెప్పారు? ఆఫీసుకి టైముకి పోవాలి, అంతే.

ఇక్కడ కాస్త హెచ్ఎంటీ కథ చెప్పుకోవాలి. మీలో సగంమంది ఆ కంపెనీ వాచీ కట్టుకుని ఉండరు. హిందుస్తాన్ మెషిన్ టూల్స్ అని ప్రభుత్వ కంపెనీ. యంత్రాల్ని చేసే యంత్రాలు చెయ్యడం దాని పని. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో చెయ్యి కలిపి బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్... ఇవన్నీ ఒక తరానికి సినిమా తారల పేర్లంత గుర్తు. పెళ్ళిలో అల్లుడు అలిగితే తీర్చేవి మూడే: సైకిలు, ట్రాన్సిస్టరు, రిస్టు వాచీ. 'దేశ్ కీ ధడ్‌కన్' అని చెప్పుకునేది కంపెనీ. దేశం గుండె చప్పుడట! తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చాయి, 1987లో టైటాన్ వాచీలు షోకేసుల్లోకి వచ్చాయి, కీ ఇచ్చే వాచీలు మూలపడ్డాయి. చివరికి 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది.

అంటే ఏమిటి? ఒరిజినల్ పార్టు అనేది ఇక పుట్టదు. ఎక్కడో డ్రాయర్లో మిగిలినవి మిగిలినట్టు. అవీ అయిపోతే ఇంకో వాచీ విప్పి తియ్యాల్సిందే. "ఒకటి బతకాలంటే ఇంకోటి సావాలె" అన్నాడు చాచా, బీడీ కట్ట పక్కకి జరుపుతూ.

అప్పుడు విప్పాడు నీలం వాచీని.

పాఠకులారా, ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మీలో ఎంతోమంది ఫోన్లలో ఇలాంటి రంగురంగుల వాచీలు చూసి 'తాతల కాలంనాటిదట, చవగ్గా వస్తోంది' అని మురుస్తున్నారు. నీలం, నారింజ, చిలకాకుపచ్చ, త్రివర్ణ పతాకం... ఇలాంటి వాటికి బయటిదేశాల్లో సరదాపరులు 'ముంబయి స్పెషల్' అని ముద్దుపేరు పెట్టారు. వాచీ లోపలి మిషను పాతదే. పైన డయలు మాత్రం నిన్న మొన్న రంగేసింది. ఎలా వేస్తారంటే, డయలు అంటే సాధారణంగా ఇత్తడి రేకు. దాని మీది పాత రంగునీ అక్షరాలనీ మందు పెట్టి గీకి పారేస్తారు. కొత్త రంగు కొడతారు. ఆ పైన అంకెలూ పేరూ అచ్చు గుద్దుతారు. అంతే, ముసలాయన కాస్తా కుర్ర హీరో!

ఎలా పట్టుకోవాలి? భూతద్దం పెట్టి అక్షరాలు చూడండి. కంపెనీ అచ్చు సన్నగా, అంచు తెగినట్టుగా ఉంటుంది. కొత్త అచ్చు అంచులు సిరా పీల్చిన కాయితంలా ఉబ్బుతాయి. నిమిషాల గీతలు అంకెలకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయా, పక్కకి జరిగాయా చూడండి. ముళ్ళు పసుపెక్కి డయలు తళతళలాడుతుంటే అనుమానించండి. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ముల్లో ఒకడికే ముసలితనం రావడం ఎక్కడైనా ఉందా? డయలుకి వెనకాల రెండు సన్నటి కాళ్ళుంటాయి, మిషన్లోని బెజ్జాల్లో కూచోవడానికి. మన కుర్రాడి నీలం డయలుకి ఆ కాళ్ళు లేవు! జిగురుతో అంటించారు. చాచా గోటితో ఇలా అంటే అలా లేచి వచ్చింది.

"దీని డయలు దొంగ. మిషను మాత్రం దొరబాబు" అని నవ్వాడాయన. నిజంగానే లోపల మిషను శుభ్రంగా ఉంది. సెకనుకి 5 చొప్పున కొట్టుకుంటోంది. (సినిమా సెకనుకి 24 ఫ్రేములు పరిగెత్తితే, ఈ వాచీలు 5 అడుగులే వేస్తాయి. పాతకాలం పెద్దమనిషి నడక!)

తాత వాచీకి విరిగింది బ్యాలెన్సు ఇరుసు. చక్రాన్ని మోసే కడ్డీ అది. దాని కొసలు తలవెంట్రుకంత సన్నం. ఎర్ర రాళ్ళలో తిరుగుతాయి. డయలు మీద '17 జ్యుయెల్స్' అని రాస్తారు చూడండి, అవి ఆ రాళ్ళే. కృత్రిమ కెంపులు. కరిగించి అమ్ముకుందామనుకునేరు, ఏమీ రాదు! పడినప్పుడు ఆ కొస విరక్కుండా కాచే ఏర్పాటు ఉంటుంది. అయినా ఒక్కోసారి గ్రహచారం.

సరే, కుర్రాడి సందేహం ఇప్పుడు ఇంకో మెట్టెక్కింది. డయలు మార్చకపోయినా, నీలం వాచీలోంచి బ్యాలెన్సు తీసి తాత వాచీలో పెడితే... టిక్ టిక్ మన్నది తాత వాచీయేనా?

ఈ ప్రశ్నకి హాలీవుడ్ జవాబు ఒకటుంది. 'అపోకలిప్స్ నౌ' (1979) గుర్తుందా? అందులో కల్నల్ కర్ట్జ్‌గా మార్లన్ బ్రాండో. ఆయన చేతికి రోలెక్స్ జీఎంటీ మాస్టర్. ఆ వాచీకి అద్దం చుట్టూ రంగు రంగుల అంకెల కట్టు ఉండాలి. బ్రాండో వాచీకి అది లేదు! అడవిలో పడి ఉండే పాత్రకి అంత ఖరీదైన వాచీ నప్పదని సెట్లో అభ్యంతరం చెబితే, 'జనం నా వాచీ చూస్తున్నారంటే నేను సరిగ్గా నటించనట్టే' అన్నాడనీ, ఆ తర్వాత కట్టు మాత్రం పీకేసి వాచీ ఉంచుకున్నాడనీ చెప్పుకుంటారు. వెనక మూత మీద తన పేరు తనే గీక్కున్నాడు, వంకరటింకరగా. ఆ వాచీ 2019 డిసెంబర్లో న్యూయార్కులో వేలానికి వచ్చింది. ఎంత పలికిందో తెలుసా? 19 లక్షల 52 వేల డాలర్లు!

ఇప్పుడు ఆలోచించండి. దానికి సరిపోయే కట్టు బజార్లో దొరుకుతుంది. అదే కంపెనీది, అదే సంవత్సరానిది కూడా వెతికితే దొరుకుతుంది. ఎవరైనా పుణ్యాత్ముడు 'అయ్యో పాపం, ఒక పార్టు పోయింది' అని తెచ్చి బిగించాడనుకోండి... కంపెనీ లెక్కలో వాచీ పరిపూర్ణం. బ్రాండో మాత్రం మాయం! లేని పార్టే అక్కడ ఒరిజినలన్నమాట.

పాల్ న్యూమన్ కథ ఇంకోరకం. కారు రేసుల పిచ్చి ఆయనకి. భార్య జోఆన్ వుడ్‌వర్డ్ రోలెక్స్ డేటోనా కొనిచ్చి, వెనక 'జాగ్రత్తగా నడుపు... నేను' అనే అర్థం వచ్చేలా మూడు ఇంగ్లీషు మాటలు చెక్కించింది. 1984లో ఆయన దాన్ని కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు, ఆ అబ్బాయి దగ్గర వాచీ లేదని! 2017 అక్టోబర్లో వేలంలో అది 1 కోటి 77 లక్షల 52 వేల డాలర్లు దాటింది. ఆ రకం డయలున్న వాచీలకి ఆయన పేరే స్థిరపడిపోయింది. దాంతో ఏమైందంటే, డయలుకే ఇంత గిరాకీ ఉందని తెలిశాక దొంగ డయళ్ళు పుట్టుకొచ్చాయి. ఇంకో విచిత్రం చెప్పనా? పాతరోజుల్లో సర్వీసింగుకిస్తే కంపెనీవాళ్ళే వెలిసిన డయలు తీసి కొత్తది వేసి ఇచ్చేవారు. సొంతదారు సంతోషంగా చెయ్యి ఊపుకుంటూ వెళ్ళేవాడు. ఇప్పుడు వాళ్ళ వారసులు ఆ పాత డయలు ఏ చెత్తబుట్టలో పడిందో అని తల బాదుకుంటున్నారు.

'అది హాలీవుడ్ సార్, మాది కార్ఖానా' అన్నాడు మనవాడు. నిజమే! అయితే మన 'మాయాబజార్' సంగతి చెప్పుకుందాం. 1957లో కె.వి.రెడ్డిగారు తీసింది నలుపు తెలుపుల్లో. మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడల్ని లెక్కపెట్టి మరీ అద్దారు. 2010 జనవరిలో గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్ళు రంగులేసి విడుదల చేశారు. కొందరు 'ఆహా' అన్నారు, కొందరు 'అపచారం' అన్నారు. నేను రెండో గుంపులో కూచుంటాను, కానీ పెద్దగా గొడవ చెయ్యను. ఎందుకంటే నలుపు తెలుపు సినిమా ఎక్కడికీ పోలేదు. రంగులు నచ్చనివాడు పాతదే వేసుకుని చూడొచ్చు. వాచీకి ఆ వెసులుబాటు లేదండీ! సినిమాకి నెగటివు ఉంటుంది, వాచీకి నెగటివు ఉండదు. గీకిన డయలు గీకినట్టే. రేపు నాన్నగారు మనసు మార్చుకున్నా ఆ వానరాత్రి మరక తిరిగి రాదు.

కాబట్టి నా తీర్పు ఇదీ అని చెప్పాను. ఆడి ఆడి అరిగిపోయే వాటిని నిక్షేపంగా మార్చండి. స్ప్రింగు, నీరు దూరకుండా పెట్టే రబ్బరు, అద్దం, ఇరుసు... అరగడానికే పుట్టాయవి. నూనె ఎండిపోయిన వాచీని 'ఒరిజినల్ నూనె' అని తిప్పుతూ పోతే లోపల పళ్ళు అరిగిపోతాయి, అంతకంటే మూర్ఖత్వం లేదు. డయలూ ముళ్ళూ కేసూ మాత్రం కదపొద్దు. కేసుని సాన పట్టించొద్దు, అంచులు మొద్దుబారితే మళ్ళీ పదునెక్కవు. అన్నట్టు ముళ్ళ విషయంలో ఒక హెచ్చరిక: మిలిటరీ ఇళ్ళల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి వాచీలుంటాయి. వాటి అంకెల మీద పూత నిజంగా రేడియమే. చీకట్లో మెరవడం ఏనాడో మానేసినా రేడియం సగం తరగడానికి 1600 ఏళ్ళు పడుతుంది. దాన్ని పిన్నీసుతో గీకే సాహసాలు ఇంట్లో చెయ్యకండి, ఆ పొడి పీల్చకండి.

చాచా నా తీర్పు పూర్తిగా ఒప్పుకోలేదు. "గిరాకీకి డయలు కొత్తగ కావాలంటే నేనెందుకు కాదనాలె? వాచీ ఆయినది. గాని మార్చిన్నని చెప్పాలె, పాతది పొట్లం కట్టి చేతిల పెట్టాలె. చెప్పకుండ పెట్టి ఒరిజినల్ అని అమ్మేటోడు దొంగ" అన్నాడు. నాకు ఈ మాట నచ్చింది. ఘంటసాలగారి పేరు టైటిల్స్‌లో పడింది కదా! అందుకే ఆ గొంతు మోసం కాలేదు. డూపు పేరు చాలాసార్లు పడదు, అది వేరే గొడవ. ఇంకోవారం రాస్తాను.

పూరీ జగన్నాథుడి రథాలు ఏటేటా కొత్త కర్రతోనే చేస్తారు. పాత రథం కాదని ఎవరూ తాడు వదిలెయ్యరు. ఇది నేను చెప్పబోతుంటే కుర్రాడు ఆపేశాడు. 'ఈ మాట మా నాయనమ్మకి చెప్పండి సార్' అని ఫోను కలిపి నా చేతికిచ్చేశాడు.

చెప్పాను. నీలం వాచీ భాగోతం కూడా చెప్పక తప్పలేదు. ఆవిడ నిదానంగా విని, "నా రెండు మోకాళ్ళూ మార్పించిండ్రు నాయినా. నేను వాడి నాయనమ్మను కాకుండ పోయిన్నా? లోపలిది మార్చమను, నడవాలె గద. మొఖం మార్చొద్దని చెప్పు" అంది.

చాచా భూతద్దం కిందే నవ్వుకుంటూ పనిలో పడ్డాడు. నీలం వాచీ గుండె గంటన్నరలో తాత వాచీలో కొట్టుకుంది. పాత బ్యాలెన్సుని బియ్యపు గింజంత పొట్లం కట్టి, మీద తేదీ రాసి, కుర్రాడి చేతిలో పెట్టాడు. పొట్టి సెకండ్ల ముల్లు మార్చమంటారా అని అడిగితే కుర్రాడే వద్దన్నాడు. 'తాత పెట్టించుకున్నది కదా, ఉండనీ' అట! పాత వాచీలు కొనేవాడికి ఈ ముల్లు నచ్చదు. నచ్చకపోతే ఏం, ఇది అమ్మేది కాదని ఆ పూటకి తేలిపోయింది.

కొట్టు దిగబోతూ చాచా రేకు డబ్బా కేసి చూశాను. రకరకాల డయళ్ళు, ముళ్ళు, కీలు. నీలం రేకు కూడా అందులోనే పడింది. అడుగున ఒక డయలు మీద 'ఆల్విన్' అని కనిపించింది. మన హైదరాబాద్ ఆల్విన్! ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన కంపెనీ. 1980లలో జపాన్ సీకోతో కలిసి వాచీలు కూడా చేసింది. ఇప్పుడు కంపెనీ లేదు, వాచీలు మాత్రం అక్కడక్కడా బీరువాల్లో ఉన్నాయి. గీత పడని డయలు. ఎంతకిస్తారని అడిగాను.

"ఒట్టి డయలు అమ్మ సార్. గీ డయలు ఖరాబైన ఆల్విన్ పట్టుకొని ఎవరన్న వస్తే, దానికి పెడత" అన్నాడు.

'పెడితే అది ఒరిజినలా, డూపా?' అన్నాడు కుర్రాడు. చాచా అప్పటికే ఇంకో వాచీ మూత విప్పుతున్నాడు.